ఇంగ్లిష్ వాక్యంలో ‘దట్’ ముందు అడ్జెక్టివ్ ఎప్పుడు, యాడ్వర్బ్ ఎప్పుడు: మెట్టు మెట్టుగా

“స్పష్టంగా అంటే క్లియర్లీ కదండీ. మరి ‘ఇట్ ఈజ్ క్లియర్లీ దట్ హి ఈజ్ రైట్’ ఎందుకు తప్పు?”

గుంటూరు బ్రాడీపేటలో నేను చెప్పే సాయంత్రం క్లాసులో ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. డిగ్రీ అయిపోయి ఇంటర్వ్యూలకు తయారవుతున్నవాళ్లు, మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్లలో లెక్కలు చూస్తూ బయటి పార్టీలకు మెయిళ్లు పెట్టేవాళ్లు, విజయవాడ ఆసుపత్రుల్లో పనిచేస్తూ విదేశాలకు వెళ్లడానికి పరీక్షలు రాస్తున్న నర్సులు, అందరికీ ఇదే చిక్కు. ఒక్కొక్కరికి ఫోన్లో చెబితే సగమే అర్థమవుతోంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ తప్పుల్లో చాలావరకు ఇంగ్లిష్ రాకపోవడం వల్ల వచ్చేవి కావు. తెలుగు మనకు బాగా వచ్చు కాబట్టి, తెలుగు వాక్యం నడిచినట్టే ఇంగ్లిష్ వాక్యాన్నీ నడిపించబోతాం. అక్కడే దారి తప్పుతుంది. అయితే తప్పు ఎక్కడుందో పట్టించే ఆనవాళ్లు కూడా తెలుగు వాక్యంలోనే ఉన్నాయి. ఒకటి ‘అని’, రెండోది ‘గా’. ఈ రెండింటినీ పట్టుకుంటే పని చాలావరకు అయిపోతుంది.

1. మొదలుపెట్టే ముందు

ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు ఇంగ్లిష్ వాక్యం రాయండి. రెండు రంగుల పెన్నులు ఉంచుకోండి.

ఇక్కడ ఇంగ్లిష్ ఉదాహరణలను తెలుగు అక్షరాల్లోనే రాశాను. ప్రతి ఉదాహరణనూ ముందు బయటికి చదవండి, తరువాత నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో మీరే రాయండి. నోటికి అలవాటు కాని వాక్యం ఇంటర్వ్యూ టెన్షన్‌లో గుర్తుకు రాదు.

దగ్గర ఒక లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన నిఘంటువు, ఉంటే మంచిది. అందులో ‘ష్యూర్’ దగ్గర చూస్తే పక్కనే ‘దట్’ కనిపిస్తుంది. ఆ మాట తరువాత దట్ వాక్యం వస్తుందని దాని అర్థం. ‘ఈజీ’ దగ్గర చూడండి, దట్ ఉండదు. అర్థంతో పాటు ఈ చిన్న గుర్తును కూడా చూడడం అలవాటు చేసుకోండి.

2. ‘అని’ని పట్టుకోండి, వాక్యాన్ని తిప్పండి

“వాడు పాసవుతాడని నాకు నమ్మకంగా ఉంది.”

దీన్ని మూడు ముక్కలు చేయండి: వాడు పాసవుతాడు / అని / నాకు నమ్మకంగా ఉంది. మనం విషయం ముందు చెప్పి, ‘అని’ తగిలించి, మన భావం చివర చెబుతాం. ఇంగ్లిష్‌లో ఈ మూడు ముక్కలూ తిరగబడతాయి. భావం ముందు, ‘దట్’ మధ్యలో, విషయం చివర.

“ఐ యామ్ కాన్ఫిడెంట్ / దట్ / హి విల్ పాస్.”

తెలుగులో ‘అని’ ఒక్కోసారి పైకి కనిపించదు. ఈ రూపాల్లో కూడా దాక్కుని ఉంటుంది:

- వస్తాడన్నది ఖాయం: “ఇట్ ఈజ్ సర్టెన్ దట్ హి విల్ కమ్.”
- మీరు వచ్చినందుకు సంతోషం: “ఐ యామ్ హ్యాపీ దట్ యూ కేమ్.”
- వాళ్లు రాకపోవడం వింతగా ఉంది: “ఇట్ ఈజ్ స్ట్రేంజ్ దట్ దే డిడ్ నాట్ కమ్.”

రెండోదానిలో ఎక్కువమంది జారిపడతారు. ‘వచ్చినందుకు’లో ఉన్న ‘కు’ను చూసి ‘ఫర్’ పెట్టేస్తారు. “ఐ యామ్ హ్యాపీ ఫర్ యూ కేమ్” అనే వాక్యం ఇంగ్లిష్‌లో లేదు. ‘నందుకు’ కనబడితే దాన్ని మనసులో ‘అని’గా మార్చి చూడండి.

చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో కూడా గమనించండి. తెలుగులో ‘అని’ తనకు ముందున్న మాటకు అతుక్కుంటుంది కాబట్టి మనం దాని తరువాత ఆగుతాం. అదే అలవాటుతో “ఐ యామ్ ష్యూర్ దట్...” అని ఆగి, తరువాత “హి విల్ కమ్” అంటాం. ఇంగ్లిష్‌లో దట్ ముందు మాటకు చెందదు, వెనక వచ్చే వాక్యానికి చెందుతుంది. ఆగాలనుకుంటే ‘ష్యూర్’ దగ్గర ఆగండి. ‘దట్’ను తేలిగ్గా, నొక్కకుండా పలికి ముందుకు పోండి.

3. ‘గా’ పరీక్ష

మొదట్లో చెప్పిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. స్కూల్లో మనకు ‘గా’ చివర ఉంటే యాడ్వర్బ్ అని నేర్పారు. ‘నెమ్మదిగా’ అంటే స్లోలీ, ‘స్పష్టంగా’ అంటే క్లియర్లీ. అది సగం నిజమే. ‘గా’ తరువాత ఏ క్రియ వచ్చిందో చూడకుండా ఏదీ నిర్ణయించకూడదు.

నియమం ఇది:

- ‘గా’ తరువాత ‘ఉంది, ఉన్నాను, అనిపిస్తోంది’ వస్తే ఇంగ్లిష్‌లో అడ్జెక్టివ్.
- ‘గా’ తరువాత చెప్పడం, నమ్మడం, వెళ్లడం లాంటి పని వస్తే ఇంగ్లిష్‌లో యాడ్వర్బ్.

“తప్పు జరిగిందని స్పష్టంగా ఉంది.” చివర ‘ఉంది’. కాబట్టి: “ఇట్ ఈజ్ క్లియర్ దట్ ఎ మిస్టేక్ హ్యాపెన్డ్.”

“తప్పు జరిగిందని ఆయన స్పష్టంగా చెప్పారు.” చివర ‘చెప్పారు’. కాబట్టి: “హి క్లియర్లీ సెడ్ దట్ ఎ మిస్టేక్ హాడ్ హ్యాపెన్డ్.”

తెలుగులో రెండు చోట్లా ‘స్పష్టంగా’ అనే ఒకే మాట. ఇంగ్లిష్‌లో మాత్రం రెండు వేర్వేరు మాటలు. ‘ఈజ్, వాజ్, సీమ్స్’ లాంటి క్రియలు పనిని చెప్పవు, స్థితిని చెబుతాయి. స్థితికి అడ్జెక్టివ్ కావాలి. పని ఎలా జరిగిందో చెప్పడానికే యాడ్వర్బ్ కావాలి.

‘ఫీల్’ అనే క్రియ రెండు వైపులా ఉంటుంది. దాని దగ్గర ఈ పరీక్ష ఇంకా బాగా పనికొస్తుంది.

“ఆమె వెళ్లిపోయిందని బాధగా అనిపిస్తోంది.” ఇది స్థితి. “ఐ ఫీల్ శాడ్ దట్ షి హాజ్ లెఫ్ట్.” ఇక్కడ శాడ్లీ రాదు.

“మనం ఆగాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.” ఇక్కడ ‘అనుకోవడం’ అనే పని ఉంది. “ఐ స్ట్రాంగ్లీ ఫీల్ దట్ వి షుడ్ వెయిట్.” ఇక్కడ స్ట్రాంగ్ రాదు.

‘గా’ లేని మాటలు కొన్ని ఉన్నాయి: నిజం, ఖాయం, ముఖ్యం, అవసరం, తప్పనిసరి. వీటితో ఇబ్బంది లేదు. “విజయవాడ స్టేషన్‌లో పది ప్లాట్‌ఫారాలు ఉన్నాయన్నది నిజం.” “ఇట్ ఈజ్ ట్రూ దట్ విజయవాడ స్టేషన్ హాజ్ టెన్ ప్లాట్‌ఫామ్స్.” నేరుగా అడ్జెక్టివ్ వేసేయండి.

4. మనిషితో మొదలుపెట్టాలా, ‘ఇట్’తోనా?

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. కాస్త నిదానంగా చదవండి.

దట్ ముందు వచ్చే అడ్జెక్టివ్‌లలో రెండు జట్లు ఉన్నాయి.

మనసు జట్టు. ఒక మనిషి లోపల ఏముందో చెప్పేవి. వీటి ముందు ఐ, వి, షి, మై ఫాదర్ లాంటి మనుషులు రావాలి:

- గ్లాడ్, హ్యాపీ, సారీ, ప్రౌడ్
- ష్యూర్, కాన్ఫిడెంట్, అవేర్
- అఫ్రెయిడ్, వరీడ్
- సర్‌ప్రైజ్డ్, డిసప్పాయింటెడ్, ప్లీజ్డ్

సంగతి జట్టు. విషయం ఎలా ఉందో చెప్పేవి. వీటి ముందు ‘ఇట్’ రావాలి:

- క్లియర్, ఆబ్వియస్, ట్రూ
- పాజిబుల్, లైక్లీ, అన్‌లైక్లీ
- ఇంపార్టెంట్, నెసెసరీ, ఎసెన్షియల్
- స్ట్రేంజ్, అన్‌ఫార్చునేట్, సర్‌ప్రైజింగ్

‘సర్టెన్’ మాత్రం రెండు జట్లలోనూ ఆడుతుంది. “ఐ యామ్ సర్టెన్ దట్...” సరే, “ఇట్ ఈజ్ సర్టెన్ దట్...” కూడా సరే. దాన్ని చూసి ‘ష్యూర్’ను కూడా అలా వాడకండి. “ఇట్ ఈజ్ ష్యూర్ దట్” అనరు. ష్యూర్‌కు మనిషి ఉండాల్సిందే.

ఇక్కడ నాలుగు గుంతలు ఉన్నాయి.

మొదటిది లైక్లీ. చివర ‘లీ’ ఉంది కాబట్టి యాడ్వర్బ్ అనుకుంటారు. దట్ ముందు అది అడ్జెక్టివ్. “ఐ యామ్ లైక్లీ దట్ ఐ విల్ కమ్” తప్పు. “ఇట్ ఈజ్ లైక్లీ దట్ ఐ విల్ కమ్” సరి. మనిషితోనే మొదలుపెట్టాలనుకుంటే దట్ మానేసి “ఐ యామ్ లైక్లీ టు కమ్” అనాలి.

రెండోది పాజిబుల్. “రేపు రావడం నాకు కుదురుతుంది” అనడానికి “ఐ యామ్ పాజిబుల్ టు కమ్ టుమారో” అంటారు. పాజిబుల్ మనిషికి చెందిన మాట కాదు. “ఐ కెన్ కమ్ టుమారో” అంటే చాలు. “ఇట్ ఈజ్ పాజిబుల్ దట్ ఐ విల్ కమ్” అంటే అర్థం వేరు: వస్తానేమో, రాకపోవచ్చు కూడా. ఇంటర్వ్యూలో “ఎప్పుడు చేరగలరు?” అని అడిగితే ఈ రెండో వాక్యం చెప్పకండి. చేరాలో లేదో మీరే తేల్చుకోలేదన్నట్టు వినపడుతుంది.

మూడోది ‘డ్’, ‘ఇంగ్’ తేడా. తెలుగులో “ఆశ్చర్యంగా ఉంది” ఒక్కటే. ఇంగ్లిష్‌లో ఆశ్చర్యపడిన మనిషితో మొదలుపెడితే సర్‌ప్రైజ్డ్, ఇట్‌తో మొదలుపెడితే సర్‌ప్రైజింగ్. “ఐ యామ్ సర్‌ప్రైజ్డ్ దట్ ద షాప్ ఈజ్ క్లోజ్డ్.” “ఇట్ ఈజ్ సర్‌ప్రైజింగ్ దట్ ద షాప్ ఈజ్ క్లోజ్డ్.” డిసప్పాయింటెడ్, డిసప్పాయింటింగ్ కూడా ఇంతే.

నాలుగోది ఈజీ, డిఫికల్ట్. ఇవి సంగతి జట్టులాగే కనిపిస్తాయి కానీ వీటి తరువాత ఇలాంటి దట్ వాక్యం రాదు. గుంటూరు నుంచి పొద్దున తొమ్మిదికల్లా విజయవాడ బెంజి సర్కిల్ చేరడం కష్టమని చెప్పాలనుకోండి.

తప్పు: “ఇట్ ఈజ్ డిఫికల్ట్ దట్ వి రీచ్ బెంజ్ సర్కిల్ బై నైన్.”
సరి: “ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ అజ్ టు రీచ్ బెంజ్ సర్కిల్ బై నైన్.”

5. దట్ ముందు ప్రిపోజిషన్ తీసేయండి

నామవాచకం వస్తే ‘అవేర్ ఆఫ్ ద ప్రాబ్లమ్’, ‘ప్రౌడ్ ఆఫ్ హర్’, ‘వరీడ్ అబౌట్ ద రిజల్ట్’. మనం ఈ జంటలను బట్టీ పట్టి ఉంటాం. దట్ వాక్యం వచ్చినప్పుడు ఆ ఆఫ్, అబౌట్, ఎట్ రాలిపోతాయి.

తప్పు: “వి ఆర్ అవేర్ ఆఫ్ దట్ ద పేమెంట్ ఈజ్ లేట్.”
సరి: “వి ఆర్ అవేర్ దట్ ద పేమెంట్ ఈజ్ లేట్.”

తప్పు: “ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ దట్ గుంటూర్ సన్నమ్ హాజ్ ఎ జీఐ ట్యాగ్.”
సరి: “ఐ యామ్ ప్రౌడ్ దట్ గుంటూర్ సన్నమ్ హాజ్ ఎ జీఐ ట్యాగ్.”

“మరి ‘ఐ యామ్ అవేర్ ఆఫ్ దట్’ అని విన్నానండీ” అంటారు. అది సరైనదే. అక్కడ వాక్యం ‘దట్’తో ముగిసిపోయింది, దట్ అంటే ‘ఆ సంగతి’. మన దట్ వేరు, దాని వెనక ఇంకో పూర్తి వాక్యం ఉంటుంది. దట్ తరువాత కర్త, క్రియ ఉన్నాయా అని చూడండి. ఉంటే ప్రిపోజిషన్ కొట్టేయండి.

6. యాడ్వర్బ్‌ను సరైన చోట నిలబెట్టండి

‘గా’ పరీక్షలో యాడ్వర్బ్ అని తేలింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి? రెండు చోట్లు ఉన్నాయి: క్రియకు ముందు, లేదా దట్‌కు సరిగ్గా ముందు.

“షి క్లియర్లీ ఎక్స్‌ప్లెయిన్డ్ దట్ ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్.”
“షి ఎక్స్‌ప్లెయిన్డ్ క్లియర్లీ దట్ ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్.”

వాక్యం చివరకు మాత్రం తోయకండి. దట్ దాటిన యాడ్వర్బ్ అవతలి వాక్యానికి చెందినట్టు వినపడుతుంది.

“హి టోల్డ్ మి క్వయెట్లీ దట్ షి హాడ్ లెఫ్ట్” అంటే ఆమె వెళ్లిపోయిందని అతను నాతో మెల్లగా చెప్పాడు. “హి టోల్డ్ మి దట్ షి హాడ్ లెఫ్ట్ క్వయెట్లీ” అంటే ఆమె చప్పుడు చేయకుండా వెళ్లిపోయిందని చెప్పాడు. అతను ఎలా చెప్పాడన్నది పోయింది.

నా క్లాసుకు వచ్చే ఒకాయన మిర్చి ఎగుమతి చేసే చోట పనిచేస్తారు. వేరే రాష్ట్రం పార్టీకి “వెంటనే సమాచారం ఇచ్చాం, సరుకు పంపుతాం అని” చెప్పాలనుకుని ఆయన రాసిన వాక్యం ఇది: “వి ఇన్‌ఫార్మ్డ్ యూ దట్ ద గూడ్స్ వుడ్ బి సెంట్ ఇమ్మీడియట్లీ.” అవతలివాళ్లు దాన్ని సరుకు వెంటనే పంపుతామన్న మాటగా తీసుకున్నారు. లారీ రాలేదని రెండు రోజులు ఫోన్లు. ‘ఇమ్మీడియట్లీ’ని ‘ఇన్‌ఫార్మ్డ్’ ముందుకు తెచ్చి ఉంటే గొడవే లేదు: “వి ఇమ్మీడియట్లీ ఇన్‌ఫార్మ్డ్ యూ దట్ ద గూడ్స్ వుడ్ బి సెంట్.” ఆ మెయిల్ చూపించినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన బాధ నాకు గుర్తుంది. అప్పటి నుంచి ఈ మెట్టును తొందరగా దాటేయడం మానేశాను.

ఉత్తరాల్లో, ఇంటర్వ్యూల్లో పనికొచ్చే జంటలు కొన్ని రాసిపెట్టుకోండి:

- ఐ ఫర్మ్‌లీ బిలీవ్ దట్...
- ఐ ఫుల్లీ అండర్‌స్టాండ్ దట్...
- ఐ సిన్సియర్లీ హోప్ దట్...
- ఐ క్లియర్లీ రిమెంబర్ దట్...

యాడ్వర్బ్‌తోనే వాక్యం మొదలుపెట్టాలనిపిస్తే దట్ అక్కర్లేదు, కామా పెట్టండి. “అన్‌ఫార్చునేట్లీ, ద ట్రైన్ వాజ్ లేట్.” దట్ కావాలంటే అడ్జెక్టివ్‌కు రండి: “ఇట్ ఈజ్ అన్‌ఫార్చునేట్ దట్ ద ట్రైన్ వాజ్ లేట్.” రెండూ కలిపి “అన్‌ఫార్చునేట్లీ దట్ ద ట్రైన్ వాజ్ లేట్” అని రాయకూడదు.

7. అడ్జెక్టివ్‌కు బలం ఇచ్చే మాటలు

‘వెరీ’ చాలాచోట్ల నడుస్తుంది. కానీ కొన్ని అడ్జెక్టివ్‌లకు అలవాటైన తోడు వేరే ఉంటుంది. దీనికి నియమం వెతకకుండా జంటగా గుర్తుపెట్టుకోవడమే మేలు: అబ్సల్యూట్లీ సర్టెన్, క్వైట్ ష్యూర్, వెల్ అవేర్, ఫుల్లీ అవేర్, హైలీ లైక్లీ, హైలీ అన్‌లైక్లీ, పర్ఫెక్ట్లీ క్లియర్, క్వైట్ పాజిబుల్.

“ఐ యామ్ వెల్ అవేర్ దట్ ద లాస్ట్ డేట్ ఈజ్ ఫ్రైడే” అని ఒకసారి బయటికి చదవండి. ‘వెరీ అవేర్’ కన్నా ఎంత సహజంగా ఉందో చెవికే తెలుస్తుంది.

8. ‘ఎంత... అంటే’ వచ్చినప్పుడు సో... దట్

“మే నెలలో విజయవాడలో ఎండ ఎంత తీవ్రంగా ఉందంటే, మధ్యాహ్నానికి బీసెంట్ రోడ్డు ఖాళీ అయింది.”

‘ఎంత... అంటే’ కనబడగానే సో... దట్ పట్టుకోండి. మధ్యలో వచ్చేది అడ్జెక్టివా, యాడ్వర్బా అన్నది మళ్లీ ‘గా’ పరీక్షే చెబుతుంది.

తీవ్రంగా ఉంది: “ద హీట్ వాజ్ సో సివియర్ దట్ బీసెంట్ రోడ్ వాజ్ ఎంప్టీ బై నూన్.”

నెమ్మదిగా వెళ్లింది: “ద బస్ వెంట్ సో స్లోలీ దట్ వి మిస్డ్ ద ట్రైన్.”

ఇక్కడ ‘వెరీ’ రాదు, ‘టూ’ కూడా రాదు.

తప్పు: “హి ఈజ్ వెరీ వీక్ దట్ హి కెనాట్ వాక్.”
తప్పు: “హి ఈజ్ టూ వీక్ దట్ హి కెనాట్ వాక్.”
సరి: “హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్.”
సరి: “హి ఈజ్ టూ వీక్ టు వాక్.”

అడ్జెక్టివ్ వెనక నామవాచకం కూడా ఉంటే ‘సచ్’ వాడాలి: “ఇట్ వాజ్ సచ్ ఎ హాట్ డే దట్ వి స్టేడ్ ఎట్ హోమ్.” మెనీ, మచ్ ఉంటే మళ్లీ ‘సో’నే: “దేర్ వర్ సో మెనీ పీపుల్ ఆన్ ద బ్యారేజ్ దట్ వి కుడ్ నాట్ మూవ్.”

సో, దట్ పక్కపక్కన అతుక్కుని వస్తే సాధారణంగా అది ‘కోసం, వీలుగా’ అనే మాట. “ఐ లెఫ్ట్ ఎర్లీ సో దట్ ఐ కుడ్ గెట్ ఎ సీట్.” సీటు దొరకడం కోసం త్వరగా బయల్దేరాను. దాన్ని, దీన్ని కలపకండి.

9. ‘డౌట్’ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త

దీనికి విడిగా చోటు ఇస్తున్నాను, ఎందుకంటే ఇది వ్యాకరణం తప్పుగా కనిపించదు. వాక్యం సరిగ్గానే ఉంటుంది, అర్థం తలకిందులవుతుంది.

“వాడే డబ్బు తీశాడని నాకు అనుమానం.” దీన్ని మనవాళ్లు “ఐ డౌట్ దట్ హి టుక్ ద మనీ” అంటారు. ఇంగ్లిష్‌లో దానర్థం: వాడు తీసి ఉండడని నా అభిప్రాయం. మనం నింద వేస్తున్నాం, వాక్యమేమో వాడిని వెనకేసుకొస్తోంది.

తెలుగులో ‘అనుమానం’ రెండు వైపులా పనిచేస్తుంది. ఇంగ్లిష్‌లో వేర్వేరు మాటలు:

- జరిగి ఉంటుందని అనుమానమైతే: “ఐ సస్పెక్ట్ దట్ హి టుక్ ద మనీ.”
- జరగదేమోనని అనుమానమైతే: “ఐ డౌట్ దట్ హి విల్ కమ్” లేదా “ఐ యామ్ డౌట్‌ఫుల్ దట్ హి విల్ కమ్.”

“ఐ యామ్ డౌట్ దట్” అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఐ యామ్ వెనక రావాల్సింది అడ్జెక్టివ్, అంటే డౌట్‌ఫుల్. ‘ఐ’ వెనక నేరుగా వచ్చేది క్రియ, అంటే డౌట్.

10. మిగిలిన చిన్న నియమాలు

ఇంపార్టెంట్, నెసెసరీ, ఎసెన్షియల్ తరువాత వచ్చే దట్ వాక్యంలో, జరగాల్సిన పనిని చెబుతున్నప్పుడు, క్రియకు ‘ఎస్’ తగిలించకుండా రాయడం పద్ధతి. “ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్ ఎవ్రీ క్యాండిడేట్ బి ప్రెజెంట్.” “ఇట్ ఈజ్ ఇంపార్టెంట్ దట్ షి సబ్మిట్ ద ఫామ్ టుడే.” ఇది ఇబ్బందిగా అనిపిస్తే ‘షుడ్’ పెట్టండి: “దట్ షి షుడ్ సబ్మిట్.” అదీ సరైనదే. క్లియర్, ట్రూ తరువాత ఈ నియమం వర్తించదు.

మాట్లాడేటప్పుడు గ్లాడ్, ష్యూర్, సారీ, అఫ్రెయిడ్ తరువాత దట్ వదిలేయవచ్చు: “ఐ యామ్ గ్లాడ్ యూ కేమ్.” దరఖాస్తులు, ఆఫీసు ఉత్తరాల్లో ఉంచడమే మంచిది. ఈ వాక్యాల్లో దట్ ముందు కామా పెట్టకండి.

‘నాట్ ష్యూర్’ వెనక ‘వస్తాడో రాడో’ అనే అర్థం ఉంటే దట్ కన్నా వెదర్ బాగుంటుంది: “ఐ యామ్ నాట్ ష్యూర్ వెదర్ హి విల్ కమ్.”

రిసెప్షన్‌లో, ఫోన్లో పనిచేసేవాళ్లకు ‘అఫ్రెయిడ్’ చాలా అవసరం. “ఐ యామ్ అఫ్రెయిడ్ దట్ ద డాక్టర్ ఈజ్ నాట్ అవైలబుల్ టుడే.” ఇక్కడ భయమేమీ లేదు. ‘ఏమీ అనుకోకండి, డాక్టరు గారు ఈ రోజు లేరు’ అని మర్యాదగా చెప్పడం.

11. రాసిన ప్రతి వాక్యాన్నీ ఇలా సరిచూడండి

- తెలుగులో ‘అని’ ఎక్కడుందో గుర్తించానా? దానికి కుడివైపున్న భావాన్ని ఇంగ్లిష్‌లో ముందుకు తెచ్చానా?
- ‘గా’ తరువాత ఉన్నది ‘ఉంది’నా, పనా?
- అడ్జెక్టివ్ మనసు జట్టుదా, సంగతి జట్టుదా? ముందు మనిషి ఉండాలా, ఇట్ ఉండాలా?
- దట్ ముందు ఆఫ్, అబౌట్, ఫర్ మిగిలిపోయిందా?
- యాడ్వర్బ్ దట్‌కు ఇవతలే ఉందా?
- వెరీ, టూ పెట్టిన చోట సో ఉండాలా?

మొదటి వారం రోజుకు ఐదు వాక్యాలు చాలు. మీ ఇంట్లో, మీ కొట్లో, మీ ఆఫీసులో నిజంగా అన్న మాటలే తీసుకోండి. పుస్తకంలోని వాక్యాలకన్నా అవే బాగా నిలుస్తాయి.

12. ఇప్పుడే చేసి చూడండి

జవాబులు కింద ఉన్నాయి. ముందు నోట్‌బుక్‌లో రాసిన తరువాతే చూడండి.

అ. మీకు ఉద్యోగం వచ్చినందుకు మాకు సంతోషంగా ఉంది.
ఆ. ఫీజు కట్టానని ఆమె నిజాయితీగా చెప్పింది.
ఇ. ఈ రోజు వర్షం పడే అవకాశం ఉంది.
ఈ. గది ఎంత చిన్నగా ఉందంటే, మంచం పట్టలేదు.
ఉ. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయిందని నాకు బాగా తెలుసు.
ఊ. వాళ్లు జవాబు ఇవ్వకపోవడం నిరాశగా ఉంది.

జవాబులు:

అ. “వి ఆర్ హ్యాపీ దట్ యూ గాట్ ద జాబ్.” ‘ఫర్’ పెట్టి ఉంటే రెండో భాగం మళ్లీ చదవండి.

ఆ. “షి హానెస్ట్లీ సెడ్ దట్ షి హాడ్ పెయిడ్ ద ఫీ.” తెలుగులో ‘కట్టానని’ ఉన్నా ఇంగ్లిష్‌లో ‘ఐ’ రాదు, ‘షి’ రావాలి. ‘ఐ’ రాస్తే ఫీజు మీరు కట్టినట్టు అవుతుంది.

ఇ. “ఇట్ ఈజ్ లైక్లీ దట్ ఇట్ విల్ రెయిన్ టుడే.” ఇట్ రెండుసార్లు వచ్చిందని కంగారు పడకండి, రెండూ కావాలి.

ఈ. “ద రూమ్ వాజ్ సో స్మాల్ దట్ ద కాట్ డిడ్ నాట్ ఫిట్.”

ఉ. “ఐ యామ్ వెల్ అవేర్ దట్ ద ప్రకాశం బ్యారేజ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1957.” “ఐ నో వెరీ వెల్ దట్...” అని రాసినా సరే. తెలుగులో ‘తెలుసు’ అని ఉంది కాబట్టి రెండో జవాబులో ‘వెల్’ యాడ్వర్బ్ అయి, దట్‌కు సరిగ్గా ముందు నిలబడింది.

ఊ. “ఇట్ ఈజ్ డిసప్పాయింటింగ్ దట్ దే డిడ్ నాట్ రిప్లై.” మీరు ‘ఐ యామ్’తో మొదలుపెట్టి ‘డిసప్పాయింటెడ్’ రాసి ఉంటే అదీ సరైన జవాబే. ‘ఐ యామ్ డిసప్పాయింటింగ్’ అని రాసి ఉంటే, నిరాశపరిచింది మీరేనని అర్థం వస్తుంది. నాలుగో భాగానికి వెళ్లి మూడో గుంతను మరోసారి చూసి, ఆ వాక్యాన్ని తిరిగి రాయండి.